ఆంథూరియం: ఆకులు బాగున్నాయి, పూలే రావడం లేదు. ఏం చేయాలి?

ప్రశ్న: రెండేళ్ళ క్రితం నర్సరీలో ఎర్ర ఆంథూరియం కొన్నాను. అప్పటికే దానికి నాలుగు పూలున్నాయి. చాలా రోజులు నిలిచాయి, చివరికి ఆకుపచ్చగా మారి వాడిపోయాయి. ఆ తర్వాత ఒకటి రెండు చిన్న పూలు వచ్చాయి. ఏడాదిగా ఒక్క మొగ్గ కూడా లేదు. ఆకులు మాత్రం ముదురాకుపచ్చ రంగులో, పొడవాటి కాడలతో వస్తున్నాయి. పాత ఆకుల కొసలు గోధుమ రంగుకు తిరిగి ఎండుతున్నాయి. కాండం మీద, మట్టికి పైన, లావుపాటి వేర్లు పొడుచుకొస్తున్నాయి. ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి పెద్ద కుండీలోకి మార్చాను. నెలకోసారి చెంచాడు డీఏపీ వేస్తున్నాను. ఎండ తగలకూడదన్నారని హాల్లో, కిటికీకి దూరంగా పెట్టాను. ఆర్‌ఓ యంత్రం నుంచి బయటికి పోయే నీళ్ళు వృథా చేయడం ఎందుకని రోజూ అవే పోస్తున్నాను. పూలు రావడానికి ఏ మందు వాడాలి? పైకొచ్చిన వేర్లు కత్తిరించేయాలా?

జవాబు: ముందు చివరి ప్రశ్నకి. ఆ వేర్లు కత్తిరించకండి. మీరు రాసిన వివరాల్ని బట్టి చూస్తే మట్టిలోని వేర్లు సగానికి సగం పాడై ఉంటాయి, ప్రస్తుతం మొక్కకి ఆసరా ఆ పై వేర్లే. ఇక మందు సంగతి. మీ మొక్కకి ఏ మందూ అక్కర్లేదు. దానికి కావలసినవి వెలుతురు, వేర్లకి గాలి. ఇప్పుడున్న చోట, ఇప్పుడున్న మట్టిలో రెండూ లేవు. రెండూ మీ చేతిలోని పనులే. ఏడాదిగా పూయకపోయినా ఆకులు పెడుతూనే ఉందంటే దానికి ఇంకా సత్తువ ఉంది, ధైర్యంగా ఉండండి.

ఈ మొక్క ఎక్కడ పుట్టిందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. దీని స్వస్థలం దక్షిణ అమెరికాలోని కొలంబియా, ఈక్వడార్ దేశాల వానడవులు. 1876లో ఎడువార్డ్ ఆండ్రే అనే ఫ్రెంచ్ వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడ దీన్ని సేకరించి యూరప్‌కి పంపాడు. 1889లో అది హవాయి దీవులకి చేరి, అక్కడి నుంచి పూల వ్యాపారంలోకి వచ్చింది. ఆ అడవుల్లో ఆంథూరియం ఎక్కువగా పెద్ద చెట్ల మానుల మీద, కొమ్మల పంగల్లో పోగుపడిన ఆకుల చెత్తలో, నాచులో వేళ్ళూనుకుని పెరుగుతుంది. వాన తరచూ పడుతుంది కానీ పడిన నీరు నిలవదు. వేరు తడుస్తుంది, ఆ వెంటనే దానికి గాలి తగులుతుంది. అందుకే ఆ వేర్లు లావుగా, కండపట్టి, పైన తెల్లటి మెత్తని పొరతో ఉంటాయి. కాసేపు దొరికిన తడిని పీల్చుకుని దాచుకోవడానికి ఆ పొర పనికొస్తుంది. మీకు కాండం మీద కనిపిస్తున్నవి అవే. రోగం వల్ల వచ్చినవి కావు, మొక్క సహజంగా వేసేవే.

అలాంటి వేర్లని ఎర్రమట్టిలో పెడితే ఏమవుతుంది? ఎర్రమట్టి రేణువులు సన్నగా ఉంటాయి. నాలుగుసార్లు నీళ్ళు పోయగానే అవి ఒకదాన్నొకటి పట్టుకుని గట్టిపడతాయి, మధ్యలో గాలి ఉండాల్సిన ఖాళీలన్నీ నీటితో నిండిపోతాయి. వేరుకి ఊపిరాడదు. పెద్ద కుండీ కావడం ఇంకో ఇబ్బంది. వేర్లు అందుకోని మట్టి చుట్టూ ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువ రోజులు తడి అలాగే ఉండిపోతుంది. దాని మీద మీరు రోజూ నీళ్ళు పోస్తున్నారు. ఊపిరాడని వేరు నీటిలో ఉండి కూడా నీటిని తీసుకోలేదు. అప్పుడు ముందుగా నీరందకుండా పోయేది వేరుకి అన్నిటికంటే దూరంగా ఉన్న భాగానికి, అంటే ఆకు కొసకి. మీ పాత ఆకుల కొసలు ఎండడానికి ఇది ఒక కారణం.

రెండో కారణం ఉప్పు. ఆర్‌ఓ యంత్రం తాగే నీటిలోంచి తీసేసిన లవణాలన్నీ బయటికి పోయే నీటిలోనే చేరతాయి. నీళ్ళు వృథా చేయకూడదన్న మీ ఆలోచన మంచిదే. ఆ నీటిని నేల తుడవడానికి, వాకిలి కడగడానికి వాడుకోండి. కుండీల్లో పోయకండి, ఆంథూరియం కుండీలో అసలు పోయకండి. వేర్లు సున్నితంగా ఉండే మొక్కల్లో ఉప్పుకి త్వరగా దెబ్బతినేది ఇదే అనుకోవచ్చు. పైగా డీఏపీ. అందులో 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం ఉంటాయి. పొలంలో ఎకరాల లెక్కన వేసే ఎరువది. కుండీలో ఒక్క చెంచా అంటే ఆ కొద్ది వేర్లకి మోయలేని మోతాదు. భాస్వరం ఎక్కువైతే పూలు వస్తాయనే మాట చాలామంది నోట వింటాం. ఆంథూరియం విషయంలో దాన్ని పట్టించుకోకండి. భాస్వరం పేరుకుపోతే ఇనుము, జింకు లాంటి సూక్ష్మపోషకాలు మొక్కకి అందకుండా పోతాయి, అంతే. కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొర ఏమైనా కట్టిందేమో చూడండి. కట్టి ఉంటే అది పేరుకున్న ఉప్పే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆంథూరియంలో పువ్వు ఎక్కడ పుడుతుందో ఒకసారి దగ్గర నుంచి చూడండి. బాగా విచ్చుకున్న కొత్త ఆకు కాడని కిందికంటా వేలితో తడుముతూ వెళ్ళండి. కాండాన్ని అంటుకునే చోట కాడ కాస్త వెడల్పై, రెండు అంచులుగా చీలి, కాండాన్ని పొదివి పట్టుకుని ఉంటుంది. పూమొగ్గ వచ్చేది ఆ ఒరలోంచే. మొదట గోరంత ఎత్తున, కొస తేలి, కొంచెం ఎరుపు కలిసిన రంగులో కనిపిస్తుంది. ఎదిగిన మొక్కలో ప్రతి ఆకు చంకలోనూ ఒక పువ్వుకి చోటుంటుంది. ఒక ఆకు, ఒక పువ్వు, ఇదీ దాని లెక్క. ఆకు పూర్తిగా విచ్చుకుని ముదిరాక దాని చంకలోని మొగ్గ పైకి లేస్తుంది. చక్కగా పెరిగే మొక్క ఏడాదికి సుమారుగా ఐదు నుంచి ఎనిమిది ఆకులు వేస్తుంది, అన్నీ కలిసొస్తే దాదాపు అన్ని పూలూ పూస్తుంది.

మరి మీ మొక్క ఆకులు వేస్తోంది కదా, పూలేవి? చంకలో మొగ్గ పుట్టినా దాన్ని పైకి తెచ్చేంత ఆహారం ఆకు తయారు చేయలేకపోతే మొగ్గ అక్కడే ఎండిపోతుంది. పొడవాటి కాడలు, మరీ ముదురు ఆకుపచ్చ రంగు, ఈ రెండూ మీరే రాశారు. వెలుతురు చాలని మొక్క కాడని సాగదీసి వెలుగు కోసం చేయి చాస్తుంది, ఉన్న కాస్త వెలుతురునీ వదలకుండా పట్టుకోవడానికి ఆకులో పచ్చదనం పెంచుకుంటుంది. చూడ్డానికి మొక్క నిగనిగలాడుతూ ఆరోగ్యంగా ఉంటుంది. అక్కడే మనం పొరబడతాం. అది ప్రాణం నిలుపుకోవడానికి సరిపడా తింటోంది, పువ్వు కోసం దాని దగ్గర ఏమీ మిగలడం లేదు.

ఎండ తగలకూడదని మీకు చెప్పింది నిజమే. అయితే ఎండ పడకపోవడం వేరు, వెలుతురు లేకపోవడం వేరు. నడినెత్తిన ఎండలో వెలుతురు లక్ష లక్స్ (లక్స్ అంటే వెలుతురుని కొలిచే ప్రమాణం) దాకా ఉంటుంది. ఆంథూరియం తోటల్లో పైన 75 నుంచి 80 శాతం నీడనిచ్చే షేడ్ నెట్ కట్టి, దాన్ని 20 నుంచి 25 వేల లక్స్‌కి తగ్గిస్తారు. హాల్లో కిటికీకి దూరంగా పెట్టిన మొక్క మీద పడేది చాలాసార్లు రెండు మూడు వందల లక్స్‌కి మించదు. మన కన్ను చీకటికీ వెలుగుకీ ఇట్టే సర్దుకుంటుంది కాబట్టి గది వెలుతురుగానే ఉన్నట్టు అనిపిస్తుంది. మొక్కకి ఆ సర్దుబాటు లేదు. ఫోన్లలో వెలుతురు కొలిచే యాప్‌లు ఉన్నాయి, లెక్క కచ్చితంగా రాకపోయినా ఒక చోటికీ ఇంకో చోటికీ ఉన్న తేడా బాగా తెలుస్తుంది. అది కూడా వద్దనుకుంటే, మధ్యాహ్నం పూట మొక్క పెట్టాలనుకున్న చోట తెల్ల కాగితం పరిచి దాని మీద జానెడు ఎత్తున అరచేయి పెట్టండి. నీడ పడి, దాని అంచులు కాస్త మసగ్గా ఉంటే అది ఆంథూరియంకి తగిన చోటు. నీడే పడకపోతే అక్కడ పూలు రావు. నీడ అంచులు గీత గీసినట్టు పడితే ఎండ ఎక్కువని అర్థం.

తూర్పు కిటికీ పక్కన, ఉదయం ఎండ ఒకటి రెండు గంటలు తగిలేలా పెట్టడం మంచిది. పడమటి లేదా దక్షిణం కిటికీ అయితే పల్చటి తెల్ల తెర అడ్డం ఉండాలి. బాల్కనీ ఉంటే పైన షేడ్ నెట్ కట్టి గానీ, పెద్ద మొక్కల నీడన గానీ పెట్టొచ్చు. ఒక్కసారిగా హాల్లోంచి బాల్కనీలోకి మార్చకండి. చీకటికి అలవాటుపడిన ఆకులు ఎండకి తెల్లగా పాలిపోయి, ఆకు ఈనెలకి మధ్యన కాగితంలా ఎండిపోతాయి, ఆ మచ్చలు మళ్ళీ పోవు. రెండు మూడు వారాల్లో అంచెలంచెలుగా కిటికీ దగ్గరికి జరపండి. సరైన వెలుతురులో కొత్త ఆకులు ఇప్పుడున్న వాటికంటే కొంచెం లేత రంగులో, పొట్టి కాడలతో వస్తాయి. అలా వస్తే కంగారు పడకండి, మీరు కోరుకోవలసింది అదే. కిటికీలేవీ అనుకూలంగా లేకపోతే తెల్లని ఎల్‌ఈడీ దీపం మొక్కకి అడుగు, అడుగున్నర ఎత్తున వేలాడదీసి రోజుకి పన్నెండు గంటలు వెలిగించండి. దానికీ పూస్తుంది.

తర్వాత కుండీ మార్చడం. దీనికి వాతావరణం వెచ్చగా, మరీ మండిపోకుండా ఉన్న రోజులు చూసుకోండి. చలి రోజుల్లో, ఎండలు ముదిరిన రోజుల్లో వద్దు. ముందు రోజు కొద్దిగా నీళ్ళు పోస్తే మర్నాడు మట్టి సులువుగా వదులుతుంది. మొక్కని మట్టిగడ్డతో సహా తీసి, బకెట్ నీళ్ళలో ముంచి, వేర్ల మధ్య ఇరుక్కున్న ఎర్రమట్టిని ఓపిగ్గా వేళ్ళతో కడిగేయండి. లాగకండి, నీళ్ళలోనే ఆడించండి. కడిగాక ఒక్కో వేరునీ రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా నొక్కి చూడండి. మంచి వేరు గట్టిగా, తెల్లగా లేదా మీగడ రంగులో ఉంటుంది. కుళ్ళిన వేరు గోధుమ రంగులో మెత్తగా ఉండి, నొక్కి లాగితే పై తొడుగు ఊడి చేతికొస్తుంది, లోపల దారప్పోగు లాంటిది మాత్రం మిగులుతుంది. అలాంటివన్నీ మంచి భాగం కనిపించే దాకా కత్తిరించండి. కత్తెరని ముందుగా స్పిరిట్‌తో తుడవండి. సగం వేర్లు పోయినా భయపడొద్దు. కాండం మీద లావుపాటి కొత్త వేర్లు ఉన్నాయన్నారు కదా, అవి మిగతా పని చూసుకుంటాయి.

కొత్త మిశ్రమంలో మట్టి అసలు వద్దు. ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు, మట్టి లేకుండా మొక్కేంటి అంటారు. చెట్టు మాను మీద బతికే మొక్కకి మట్టితో పని లేదు. నా సలహా ఇది: కొబ్బరి డొక్కల ముక్కలు రెండు పాళ్ళు, చిన్న ఉసిరికాయంత కట్టెబొగ్గు ముక్కలు ఒక పాలు, అదే పరిమాణంలో ఇటుక లేదా పెంకు ముక్కలు ఒక పాలు, మొత్తం మీద ఒకటి రెండు గుప్పిళ్ళు వర్మీకంపోస్ట్. పశువుల ఎరువు వద్దు, అది మెత్తగా నీటిని పట్టేస్తుంది. పొడిలా ఉండే కొబ్బరి పొట్టు ఒక్కదాన్నే వాడినా ఎర్రమట్టితో వచ్చిన చిక్కే మళ్ళీ వస్తుంది. ముక్కలు, ముక్కల మధ్య ఖాళీలు, అవీ మీకు కావలసినవి. కొబ్బరి ముక్కల్ని వాడే ముందు తప్పనిసరిగా నానబెట్టండి. వాటిలో సహజంగానే ఉప్పు ఎక్కువ, రంగు కూడా దిగుతుంది. మూడు రోజుల పాటు, రోజూ నీళ్ళు మార్చి నానబెడితే చివరికి నీళ్ళు లేత రంగుకి వస్తాయి. ఈ ఒక్క పని ఎగ్గొట్టినందువల్లే కుండీ మార్చాక కూడా కొసలు మాడుతున్నాయని చాలామంది రాస్తుంటారు.

కుండీ వేర్ల గుత్తి కంటే రెండంగుళాలు వెడల్పు ఉంటే చాలు, కింద రంధ్రాలు నాలుగైదు ఉండాలి. కాండాన్ని కింది ఆకుల దాకా మిశ్రమంలో దించండి, పైకొచ్చిన వేర్లు లోపలికి వెళ్ళేలా చూడండి. వంగని వేరుని బలవంతంగా వంచకండి, పుటుక్కున విరుగుతుంది. అందనివాటిని అలా వదిలేయండి, లేదంటే చుట్టూ తడి నాచు కట్టండి. కొత్త ఆకు మొలిచే కొన మాత్రం మిశ్రమానికి పైనే ఉండాలి. అది కప్పబడితే కుళ్ళుతుంది. మొక్క ఊగకుండా ఒక పుల్ల పాతి కట్టి, ధారాళంగా నీళ్ళు పోసి, రెండు వారాలు కాస్త నీడగా ఉన్న చోట ఉంచండి. ఎరువు నెల దాకా వద్దు.

నీళ్ళు ఎన్ని రోజులకోసారి పోయాలో నేను చెప్పలేను, ఎవరు చెప్పినా నమ్మకండి. గాలిలో తేమ, వేడి, కుండీ రకం బట్టి అది మారుతూ ఉంటుంది. నీళ్ళు పోసిన వెంటనే కుండీని ఎత్తి బరువు చూడండి, రెండు మూడు రోజుల తర్వాత మళ్ళీ ఎత్తి చూడండి. నాలుగైదు సార్లు చూస్తే చేతికి లెక్క తెలిసిపోతుంది. పైన అంగుళం లోతు ఆరితే పోయండి. పోసినప్పుడు కింది రంధ్రాల్లోంచి ధారగా కారేలా పోయండి, పళ్ళెంలో నిలిచిన నీటిని పారబోయండి. ఇలా ముక్కలతో చేసిన మిశ్రమం మట్టి కంటే త్వరగా ఆరుతుంది కాబట్టి ఎండలు ముదిరితే రోజు విడిచి రోజు పోయాల్సి రావచ్చు. వాననీళ్ళు దొరికితే అంతకంటే మంచివి లేవు. లేదంటే ఆర్‌ఓ యంత్రం శుద్ధి చేసిన నీళ్ళు, లేదా ఉప్పదనం లేని మామూలు నీళ్ళు. నీటి టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల లెక్క, 200 లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. ఏ నీళ్ళయినా, నెలకోసారి కుండీకి రెండు మూడింతల మంచినీళ్ళు నెమ్మదిగా పోసి, పేరుకున్న లవణాలు కిందికి కారిపోయేలా చేయండి.

ఎరువు విషయంలో తక్కువ మోతాదే మేలు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే, నీటిలో కరిగే 19-19-19 ఎరువు లీటరుకి అర గ్రాము చొప్పున కలిపి, రెండు వారాలకోసారి, మిశ్రమం తడిగా ఉన్నప్పుడే పోయండి. ఆరిన వేర్ల మీద ఎరువు నీళ్ళు పడితే మాడతాయి. ఆంథూరియంకి కాల్షియం కాస్త ఎక్కువే కావాలి. అది చాలకపోతే పువ్వు మీది రంగు అక్కడక్కడా నీరు పట్టినట్టయి గోధుమ మచ్చలుగా మారుతుంది. అందుకని నెలకోసారి కాల్షియం నైట్రేట్ లీటరుకి అర గ్రాము విడిగా ఇవ్వండి. దాన్ని 19-19-19తో ఒకే నీటిలో కలపకండి, భాస్వరంతో చేరి తెల్లగా అడుగున పేరుకుపోతుంది, మొక్కకి రెండూ అందవు.

వేడి 18 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటే ఆంథూరియం హాయిగా ఉంటుంది. 15కి తగ్గితే ఎదుగుదల ఆగిపోతుంది. 35 దాటి గాలి పొడిగా ఉంటే ఆకు అంచులు మాడతాయి, చంకలోని మొగ్గలు ఎండిపోతాయి. గాలిలో తేమ 60 శాతానికి పైన ఉంటే మంచిది. తేమ కోసం ఆకుల మీద నీళ్ళు చల్లమని చాలామంది చెబుతారు. నాకది ఇష్టం లేదు. పది నిమిషాల్లో ఆరిపోయే తడి వల్ల తేమ పెరగదు, ఆకు మీద నిలిచిన నీరు మాత్రం రోగాలకి దారి చేస్తుంది. నాలుగైదు మొక్కల్ని దగ్గర దగ్గరగా పెడితే వాటి ఆకుల నుంచి వచ్చే ఆవిరే వాటి చుట్టూ తేమని నిలుపుతుంది. ఏసీ గాలి, ఫ్యాను గాలి నేరుగా తగిలే చోటు తప్పించండి. ఆకుల మీద దుమ్మంటే వారానికోసారి తడిగుడ్డతో తుడవండి, వెలుతురు లోపలికి దిగడానికి అది చాలా అవసరం.

రోగం పేరెత్తాను కాబట్టి ఒక జాగ్రత్త. మీరు చెప్పిన ఎండిన కొసలు నాకు ఉప్పు వల్ల, వేర్ల వల్ల వచ్చినవిగానే అనిపిస్తున్నాయి. అయినా ఒకసారి ఆకుని వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చూడండి. ఎండిన భాగం పొడిగా, కరకరలాడుతూ, పక్కన మామూలు ఆకుపచ్చ ఉంటే భయం లేదు. ఎండిన భాగం చుట్టూ పసుపు రంగు అంచు ఉండి, ఆకు అడుగున అంచుల వెంట నీరు పట్టినట్టు నూనె మరకల్లాంటి మచ్చలుంటే అది జాంథోమోనాస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే ఎండు తెగులు కావచ్చు. 1980లలో హవాయి తోటల్ని గట్టిగా దెబ్బ తీసింది ఈ తెగులే. తెల్లవారుజామున ఆకు అంచుల్లో చిన్న నీటిబొట్లు కనిపిస్తాయి చూడండి, ఆ బొట్లు వచ్చే రంధ్రాల గుండానే ఈ బ్యాక్టీరియా లోపలికి వెళుతుంది. మొక్క లోపలికి పాకితే పాత ఆకులు పసుపుబారి కాడ మొదట్లోనే ఊడిపోతాయి. దానికి మందు లేదు. అలాంటి మొక్కని కుండీలోని మిశ్రమంతో సహా తీసేయాలి, దాని మీద వాడిన కత్తెరని మరో మొక్క మీద వాడకూడదు. పిండినల్లి, పొలుసు పురుగు కూడా కాడల చంకల్లో, ఆకు అడుగున చేరతాయి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేసి, వారం వారం వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, రెండు మూడు చుక్కల సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట చల్లితే అదుపులోకి వస్తాయి.

ఎండిన కొసల కోసం ఆకులు మొత్తం తీసేయకండి. ప్రతి ఆకూ మొక్కకి ఆహారం తయారు చేసేదే. చూడ్డానికి బాగాలేదనుకుంటే ఎండిన భాగాన్ని ఆకు ఆకారంలోనే కత్తిరించి, సన్నటి గోధుమ అంచుని వదిలేయండి. పచ్చటి భాగంలోకి కత్తెర దిగితే అక్కడి నుంచి మళ్ళీ ఎండడం మొదలవుతుంది. పూర్తిగా పసుపుబారిన ఆకుని మాత్రం కాడ మొదట్లో కోసేయొచ్చు. ఎప్పుడూ మొక్క మీద కనీసం నాలుగు మంచి ఆకులు ఉండాలి.

మీ మొదటి పూలు ఆకుపచ్చగా మారి వాడిపోయాయన్నారు. అది జబ్బు కాదు, పువ్వు వయసు. మనం పువ్వు అని పిలిచే ఆ ఎర్రటి మెరుపు రేకు నిజానికి రంగు మారిన ఒక ఆకు. అసలు పూలు దాని మధ్య నిలబడిన కండె మీద వందల సంఖ్యలో, కంటికి గింజల్లా కనిపిస్తాయి. భూతద్దంతో చూస్తే ముందుగా వాటి మీద జిగురు బొట్లు మెరుస్తాయి, అది ఆడ దశ. కొన్ని రోజులు గడిచాక అదే కండె మీద పుప్పొడి తెల్లగా రాలుతుంది, అది మగ దశ. రెండూ ఒకేసారి రావు కాబట్టి తన పుప్పొడి తనకే పడటం అరుదు. వయసు పైబడిన కొద్దీ కండె, రేకు రెండూ ఆకుపచ్చకి తిరుగుతాయి. అప్పుడు పూకాడని మొదలంటా కోసేయండి, దాని మీద పెట్టే శక్తి తర్వాతి మొగ్గకి మిగులుతుంది. పూలజాడీలో పెట్టుకోవాలనుకుంటే మాత్రం అంతదాకా ఆగకండి. కండె కింది నుంచి పైకి రంగు మారుతూ మూడొంతులు దాటినప్పుడు కోస్తే నీటిలో రెండు మూడు వారాలు నిలుస్తుంది. మరీ లేతగా కోస్తే రెండు రోజులకే వాడుతుంది.

ఇంట్లో పసిపిల్లలు, పిల్లి, కుక్క ఉంటే మొక్కని వాళ్ళకి అందని చోట పెట్టండి. ఆంథూరియం చేమ, కందల కుటుంబంలోది. పచ్చి కందని ముట్టుకుంటే దురద పెట్టించే కాల్షియం ఆక్సలేట్ సూదులే దీని ఆకులోనూ, కాడలోనూ ఉంటాయి. నమిలితే నోరు, గొంతు మండి వాస్తాయి. కత్తిరించాక మీరు కూడా చేతులు కడుక్కోండి.

ఇవన్నీ చేశాక ఎంతకాలం ఆగాలి? మొదటి నెలలో పైకి ఏమీ కనిపించదు, ఒకటి రెండు పాత ఆకులు పసుపుబారి రాలినా రాలొచ్చు. ఆ సమయంలో మొక్క వేర్లు వేసుకుంటూ ఉంటుంది. అది చూసి మళ్ళీ ఎరువు వేయకండి, చోటు మార్చకండి. తర్వాత కొత్త ఆకు చుట్ట చుట్టుకుని ఎరుపు ఛాయలో పైకి వస్తుంది. పొట్టి కాడతో, మెరుస్తూ వస్తే మీరు సరైన దారిలో ఉన్నట్టే. ఆ ఆకు ముదిరాక, లేదా దాని తర్వాతి ఆకు ముదిరాక మొగ్గ చూస్తారు. మొత్తం మీద నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది, వాతావరణం చల్లగా ఉంటే ఇంకొంచెం ఎక్కువ. మొదటి పువ్వు చిన్నదిగా రావచ్చు, తర్వాతివి పెద్దవవుతాయి.

ఇంకో రెండేళ్ళకి కాండం మళ్ళీ పొడవై, కింద ఆకుల్లేకుండా బోసిగా కనిపిస్తుంది. అప్పుడు నాలుగైదు ఆకులు, రెండు మూడు మంచి వేర్లు ఉండేలా పైభాగాన్ని శుభ్రమైన కత్తితో కోసి, కోసిన చోట ఒక రోజు ఆరనిచ్చి, ఇదే మిశ్రమంలో నాటండి. కింద మిగిలిన మొద్దుని పారేయకండి. నీళ్ళు తగ్గించి వెలుతురులో ఉంచితే దాని కణుపుల దగ్గర పిలకలు వస్తాయి. వాటికి సొంతంగా రెండు మూడు వేర్లు వచ్చాక విడదీసి, చిన్న కుండీల్లో నాటుకోవచ్చు.